పాఱవేసిన యంత్రములు – మాఱిన మనస్సులు
(శ్రవ్యనాటకము వ్రాయదలచు విద్యార్థులకొక విజ్ఞానపాఠము)

వైజ్ఞానిక కల్పనాకథలను చదువువారికిని, రేడియోలో వినువారికిని చిరపరిచితమైన కథాపద్ధతి యొకటి కలదు. మనుష్యులు వాడి వాడి, విసిగి, ఊరివెలుపల పాఱవేసిన యంత్రమొకటి చెత్తకుప్పలో పడియుండును. దానిలోని శక్తి యింకను చావదు. ఒకనాడు దానిచెంత నాడుకొన వచ్చిన బాలుని మనస్సును అది మెల్లమెల్లగా పట్టుకొనును. బాలుడు తల్లి పిలిచిన పలుకడు. నిన్న నేర్చిన పద్యమును నేడు మఱచును. మిత్రులతో నూరక కలహించును. అంతలో ధీరులైన యిద్దఱు ముగ్గురు బయలుదేఱి, యంత్రపు గుట్టు కనుగొని, దానిని నశింపజేసి, బాలుని మనస్సును మరల తెత్తురు. కథ సుఖాంతమగును.

ఇట్టి కథ విన్న పిమ్మట "ఇదంతయు కల్ల" యని లేచిపోవుట లోకులకు వాడుక. మేమీ వ్యాసమున చెప్పదలచినది వేఱు. ఆ కథలో సగము నిజము. పాఱవేసిన యంత్రము పిల్లల మనస్సులను మార్చుట లోకమున ప్రతిదినమును జరుగుచున్నది. కల్ల యైనది కడపటి భాగమే. పోయినదానిని ధీరులు మరల తెచ్చుట యంత సులభముగా జరుగుట లేదు. ఈ రెండు మాటలకును ప్రమాణములు చూపి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణముల విద్యార్థులు తామే యొక శ్రవ్యనాటకమును వ్రాయదలచినచో ఈ సత్యమును దానిలో నెట్లు నిలుపవచ్చునో తెలుపుట మా యుద్దేశము.

1. చెవితో చూచు నాటకము

మన సీమకు నాటకము క్రొత్తది కాదు. ఆంధ్రనాటకపితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు గారు (1853–1912) ఇంటిపేరుననే మన ధర్మవరమును ధరించినవారు. బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి తమ నాటకములను ప్రదర్శింపజేసిరి. అవి రంగస్థల నాటకములు. వానికి తెరయు, దీపమును, వేషమును కావలయును. శ్రవ్యనాటకమునకు ఇవి యేవియు నుండవు. మాట, ధ్వని, మౌనము – ఈ మూడే దాని సామగ్రి.

1924 జనవరి 15వ తేదీన లండనునుండి ప్రసారమైన ‘డేంజర్’ అను నాటకము రేడియో కొఱకే వ్రాయబడిన తొలి నాటకములలో నొకటి. దాని కర్త రిచర్డు హ్యూస్. వేల్సు దేశపు బొగ్గుగనిలో దీపములాఱిపోవుటతో కథ మొదలగును. పాత్రలకు కన్ను కానరాదు, వినువారికిని కానరాదు. అందఱును ఒకే చీకటిలో నుందురు. కన్ను లేని లోపమునే బలముగా మార్చుకొనిన యుపాయమిది. అదే యేట మద్రాసు నగరమున కృష్ణస్వామి శెట్టిగారు రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు జరిపిరి. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. తెలుగు శ్రవ్యనాటికలు ఈ కేంద్రములనుండి యింటింటికిని చేరినవి.

యంత్రములును మనస్సులును వస్తువుగా గల నాటకములు గూడ తొలినుండియు నున్నవి. చెకోస్లోవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకమే లోకమునకు ‘రోబో’ అను మాటను ప్రసాదించినది. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందము, ఎచ్.జి. వెల్స్ 1898లో ప్రచురించిన అంగారక గ్రహవాసుల దండయాత్ర కథను వార్తాప్రసారము వలె వినిపించెను. దేశమంతయు భయభ్రాంతమై వీథులకెక్కెనని మఱునాటి పత్రికలు వ్రాసినవి. కొందఱు భయపడినది నిజమే. ఆ వార్తలు మిక్కిలి పెంచి వ్రాసినవని పిదపటి పరిశోధకులు తేల్చిరి. విద్యార్థులు దీనినుండి గ్రహింపదగినది రెండు విధములు: ధ్వనికి మనస్సును కదల్చు శక్తి కలదు, ఆ శక్తిని గుఱించి వ్రాయువారు గూడ తూచి వ్రాయవలయును. మేమును ఈ వ్యాసమున తూచియే చెప్పుదుము.

2. యంత్రము పాతబడుట

ధర్మవరమున పట్టుచీరల అంచులను, కొంగులను నేయు మగ్గముల తలపై జకార్డు అను పరికరముండును. తూట్లు పొడిచిన అట్టలు గొలుసుగా కూర్పబడి ఒకటొకటిగా దిగుచుండును. తూటు ఉన్నచోట కొక్కెము లేచి పడుగునూలు పైకి వచ్చును. తూటు లేనిచోట నూలు లేవదు. నేతగాని జ్ఞాపకములో నుండవలసిన హంసయు, మామిడిపిందెయు అట్టల తూట్లలోనికి చేరినవన్నమాట. ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ మరీ జకార్డు ఈ పరికరమును 1804 ప్రాంతమున సిద్ధపఱచెను. ఆ తూట్ల అట్టలను చూచియే ఆంగ్లేయుడైన చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు అట్టలతో ఆజ్ఞలనిచ్చు నుపాయమును గ్రహించెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ తూట్ల అట్టలతోనే గణించెను. నేటి కంప్యూటరునకు మగ్గమొక పూర్వురాలు. మన పిల్లలు దీనిని తలచి గర్వింపవచ్చును.

మఱి యీ వంశవృక్షమునకు రెండవ ప్రక్క యొకటి కలదు. మగ్గము కొయ్య; పాతబడినచో పొయ్యిలోనికి పోవును, బూడిద యగును. అట్ట కాగితము, మట్టిలో కలియును. వాని మనుమడైన కంప్యూటరు, సెల్‌ఫోను, టెలివిజను పెట్టె, బ్యాటరీ – ఇవి మట్టిలో కలియవు. 2022వ సంవత్సరమున లోకమంతట పాఱవేయబడిన విద్యుత్పరికరముల బరువు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సక్రమముగా సేకరింపబడి మరల ఉపయోగమునకు వచ్చినదిగా లెక్కకెక్కినది నూటికి 22 పాళ్ళు మాత్రమే. తక్కినది చెత్తకుప్పలకును, సుత్తె, కొలిమి మాత్రమే గల చిన్నపాకలకును చేరుచున్నది. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి గ్రామమున 2019లో పెద్ద కార్ల కర్మాగారము వెలసినది. మన జిల్లా చేతులే లోకమునకు కార్లు చేయుచున్నవి. ప్రతి కారునకును, బస్సునకును, ట్రాక్టరునకును బ్యాటరీ యుండును. అది కొన్ని యేండ్లకు పాతబడును. కావున పుట్టుక తెలిసిన సీమకు ఆ వస్తువుల చావును గూడ తెలిసికొనవలసిన విధి కలదు.

3. నాగము

తెలుగు విద్యార్థికి సీసమనగానే పద్యము జ్ఞప్తికి వచ్చును. ఇక్కడ చెప్పబోవునది లోహము. రసశాస్త్రమున దీనికి ‘నాగము’ అని పేరు. పామున కీ లోహమునకు పోలిక యెట్లున్నను, పేరు మాత్రము తగియున్నది. ఇది బుసకొట్టని పాము.

సీసము మెత్తనిది, బరువైనది. నీటికంటె 11 రెట్లు బరువు. 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే కరగును. ఇంటి పొయ్యి చాలును. తుప్పు పట్టదు, వంగును, చవుకగా దొరకును. ఇన్ని సుగుణములుండుటచేతనే మనుష్యుడు దానిని ఎల్లచోట్లను వాడెను. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన బ్యాటరీయే నేటికిని వాహనములలో నున్నది. దాని బరువులో సగమునకు మించినది సీసమే. పాత టెలివిజను గాజుగొట్టములో సీసము కలదు. పాత రేడియోలలో తీగలను అతికిన టంకములో తగరముతో కూడ సీసము కలదు. పూర్వపు రంగులలో నుండెను. ముద్రణాలయములలో ఒక్కొక్క అక్షరమును ఏర్చి కూర్చిన అచ్చులు గూడ సీసము, తగరము, అంజనము కలిపి పోసినవే. తెలుగు పుస్తకముల తరములు ఆ అచ్చులతోనే వెలసినవి. ఇప్పుడా అచ్చులును పాఱవేసిన వస్తువులే యైనవి.

బ్యాటరీ మూసియున్నంతవఱకు దానివలన భయము లేదు. దానిని సుత్తెతో పగులగొట్టి, ఆమ్లమును నేలపై పాఱబోసి, లోపలి పలకలను తెఱచిన కొలిమిలో కరగించునపుడు అపాయము పుట్టును. పొగలో సీసము లేచును. ఆఱిన ధూళియై నేలపై, గోడలపై, ఆరవేసిన బట్టలపై పడును. పని ముగించి యింటికి పోయిన తండ్రి చొక్కాతో కూడ ఆ ధూళి యిల్లు చేరును. బిడ్డ పరుగెత్తివచ్చి ఆ చొక్కానే పట్టుకొనును.

4. లోపలికెట్లు పోవును, ఏమి చేయును?

కథలలో యంత్రము కిరణములచేత మనస్సును పట్టును. నిజమునందు వ్రేళ్ళచేత పట్టును. నేలపై ప్రాకు శిశువు, గోలీలాడు బాలుడు, మట్టితో గుజ్జనగూళ్ళాడు బాలిక – వీరి చేతులు పలుమాఱు నోటికి పోవును. మ్రింగిన సీసమును పెద్దల శరీరము గ్రహించు దానికంటె నాలుగైదు రెట్లు అధికముగా పిల్లల శరీరము గ్రహించును. ఆకలితో నున్న పిల్లలు, ఆహారమున ఇనుమును, కాల్షియమును చాలినంత లేని పిల్లలు ఇంకను అధికముగా గ్రహింతురు. కావున ఈ విషము అందఱిని సమముగా చూడదు. పేదల బిడ్డలనే ముందు పట్టును.

లోపలికి పోయిన సీసము చేయు మోసమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలయును. అది కాల్షియమని తోచునట్లు నటించును. ఎముకలను కట్టునది కాల్షియము. మెదడులో ఒక నాడీకణము మఱియొక నాడీకణమునకు సమాచారమంపునపుడు ద్వారము తెఱచునదియు కాల్షియమే. శరీరము సీసమును గుఱుతింపలేక కాల్షియమని భ్రమించి, తలుపులు తెఱచి లోనికి రానిచ్చును. లోనికి వచ్చినది పని చేయదు, పనిచేయువానికి చోటియ్యదు. చిన్నతనమున మెదడులో కోట్లకొలది నాడీసంధులు ఏర్పడుచు, అక్కఱలేనివి తొలగుచు నుండును. ఆ నిర్మాణకాలముననే కూలివాని వేషమున దొంగ ప్రవేశించినట్లగును. రక్తమున ఎఱ్ఱదనమును కలిగించు పదార్థము పుట్టుటను గూడ సీసము అడ్డగించును. అందువలన పాండురోగము కలుగును. రక్తమునందలి సీసము సుమారొక నెలకు సగమగును. ఎముకలలో దాగినది దశాబ్దములుండును. ఆడుబిడ్డ పెరిగి తల్లియగునపుడు ఎముకనుండి వెడలి గర్భస్థశిశువునకు గూడ చేరగలదు.

5. ఎంత చాలును? – ఒక లెక్క

రక్తమున సీసమును డెసిలీటరునకు ఇన్ని మైక్రోగ్రాములని కొలుతురు. గ్రాములో పదిలక్షలవ వంతు మైక్రోగ్రాము. లీటరులో పదియవ వంతు డెసిలీటరు. డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములున్నచో కారణము వెదకి తొలగింపవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో తెలిపినది. భయములేని పరిమాణమనునది లేనే లేదనియు చెప్పినది.

20 కిలోల బరువు గల ఆఱేండ్ల బిడ్డ శరీరమున సుమారు ఒకటిన్నర లీటరు రక్తముండును. అనగా 15 డెసిలీటరులు. డెసిలీటరునకు 5 చొప్పున మొత్తము 75 మైక్రోగ్రాములు. ఒక బియ్యపుగింజ సుమారు 20 మిల్లీగ్రాముల బరువుండుననుకొందము. అది 20,000 మైక్రోగ్రాములు. 20,000ను 75చే భాగింపగా 266 వచ్చును. బియ్యపుగింజను 266 తునకలు చేసి అందొక్క తునకయంత సీసము రక్తమున తిరుగుచున్నచో ఆ బిడ్డను గుఱించి విచారింపవలసిన కాలము వచ్చినదని యర్థము. ఎముకలలో చేరినది ఈ లెక్కకు వెలుపలిది. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, జ్వరము రాదు. అందుచేతనే తల్లిదండ్రులకు తెలియదు.

6. లోకమునకెట్లు తెలిసినది?

క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమున నికాండరు అను గ్రీకు కవివైద్యుడు సీసపువిషము యొక్క లక్షణములను వర్ణించెను. 1786లో అమెరికా మేధావి బెంజమిను ఫ్రాంక్లిను ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో, తాను యౌవనమున లండను ముద్రణాలయమున పనిచేయునపుడు సీసపు అచ్చులను కాచి కూర్చుటచే చేతులలో నొప్పి కలిగిన సంగతి తలచికొని, ఇది పాతకాలపు ఎఱుకయే యైనను లోకము దానిని ఆచరణకు తెచ్చుకొనుటలో నెంత యాలస్యము చేయుచున్నదో చూడుమను భావమును తెల్పెను. 1904లో ఆస్ట్రేలియా వైద్యుడు లాక్‌హార్టు గిబ్సను పిల్లల రోగమునకు ఇంటి వసారాలకు పూసిన సీసపురంగు కారణమని చూపెను. అయినను 1923 మొదలు పెట్రోలులో గూడ సీసమును కలిపి అమ్మిరి. భారతదేశమంతట సీసము లేని పెట్రోలు మాత్రమే అమ్మవలెనను కట్టడి 2000 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చినది. లోకమున నీ పెట్రోలు కడపట నిలిచినది 2021లో, అల్జీరియా దేశమున.

ఉపాధ్యాయులు తప్పక తెలియవలసిన పరిశోధన యొకటి కలదు. 1979లో హెర్బర్టు నీడిల్‌మను అను వైద్యుడును ఆయన సహచరులును బోస్టను నగరముచెంత రెండు పట్టణముల చిన్నతరగతుల పిల్లల యూడిన పాలపండ్లను సేకరించి వానిలోని సీసమును కొలిచిరి. ఆ పిల్లలను గుఱించి ఉపాధ్యాయులను వేఱుగా ప్రశ్నించిరి. వాని మనస్సు చెదరునా? చెప్పినపని వరుసగా చేయునా? ఊరక చికాకు పడునా? పండ్ల లెక్క యేమియు ఉపాధ్యాయులకు తెలియదు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, పంటిలో సీసము హెచ్చుకొలది "వీడు మనస్సు నిలుపడు, వీడు చెప్పినమాట వినడు" అను తీర్పు పొందిన పిల్లల పాలును మెట్టుమెట్టుగా హెచ్చినది. అనగా ఉపాధ్యాయుడు సోమరితనమని తలచినదానిలో కొంతభాగము సోమరితనము కాదు, విషము. 2005లో ఏడు పరిశోధనల లెక్కలను ఏకము చేసి 1,333 మంది పిల్లలను పరిశీలింపగా, రక్తసీసము ఒకటికి లోపలనుండి పదికి పెరుగునప్పటికి బుద్ధిపరీక్షలో సుమారు ఆఱు అంకెలు తగ్గినట్లు తేలినది. తొలిబొట్టే అధికమైన నష్టము చేయుననుట దాని సారాంశము.

పాఱవేసిన బ్యాటరీలు చేయగల ఘోరమునకు ఆఫ్రికాలో సెనెగలు దేశపు రాజధాని డకారు శివారు గ్రామమైన థియారాయ్ సాక్షి. అక్కడ బ్యాటరీలు పగులగొట్టిన నేలలోని మట్టిని జల్లెడపట్టి సీసము తీసి అమ్ముచుండిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చి వఱకు 18 మంది పిల్లలు మరణించిరి. తమ తల్లులు జీవనము కొఱకు తెచ్చుకొనిన మట్టియే వారిని చంపినది. 2020లో యునిసెఫ్ ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున సుమారు 80 కోట్ల పిల్లల రక్తమున సీసము 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని కలదు. అనగా ముగ్గురిలో నొకరు.

7. దగ్గఱి బంధువులును, ఏలూరు పాఠమును

పాఱవేసిన వస్తువులలో మనస్సును మార్చునవి మఱి రెండు కలవు. గొట్టపుదీపములలో పాదరసమున్నది. పూర్వము ఐరోపాలో టోపీలు చేయువారు పాదరసపు ఆవిరిని పీల్చి వణకుచు, సిగ్గరులై, కోపిష్ఠులై మతి చెడుచుండిరి. జపానున మినమాటా పట్టణపు రోగము 1956లో బయటపడినది. పాదరసమును నియంత్రించు అంతర్జాతీయ సంధికి 2013లో ఆ యూరి పేరే పెట్టిరి. టార్చిలైటు సెల్లులలోని నల్లనిపొడిలో మాంగనీసు కలదు. మాంగనీసు ధూళిని దీర్ఘకాలము పీల్చిన కార్మికులకు నడక తడబడి, ముఖము బిగిసి, మనస్సు మాఱుట 1837లో గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్ మొదట వ్రాసెను. పల్లెబడులలో నల్లబల్లకు పూయుటకై పాతసెల్లులు పగులగొట్టి, ఆ పొడిని ఆకుపసరుతో నూఱు అలవాటు ఒకప్పుడుండెను. దానిని మానుట మేలు.

ఇట్లని ప్రతిరోగమునకును సీసమే కారణమని చెప్పరాదు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలు ఏలూరు పట్టణమున ఆఱువందలకు పైగా జనులు హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ వైద్యసంస్థలో మొదట పరీక్షించిన రక్తమున సీసమును, నికెలును కనబడినవి. పాత బ్యాటరీలమీద అనుమానము పోయినది. పిదప జరిగిన పరీక్షలు పురుగుమందుల శేషములవైపు చూపినవి. మొదట దొరికిన యాధారముతో తీర్పు చెప్పక, రెండవ యాధారమునకు వేచియుండుట విజ్ఞానమార్గము.

8. నాటకమునెట్లు వ్రాయవచ్చును?

ఇక మన విద్యార్థుల నాటకము. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము – మూడును బెంగుళూరికి పోవు ఒకే రైలుమార్గమున నున్నవి. ఇది మూడు అంకముల నాటకమునకు తయారుగా నున్న దారి.

మొదటి అంకము ధర్మవరము. గుంటమగ్గపు టకటకలు, అట్టలు దిగు చప్పుడు. నేతగాని కుమారుడు ఆ తాళమునకు సరిగా పద్యము అప్పగించుచుండును, ఒక్కచోటను తడబడడు. తండ్రి మగ్గము విడిచి, పని వెదకుకొనుచు కుటుంబముతో రైలెక్కును. రెండవ అంకము పెనుకొండ. 1565 తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొని, పిదప విడిచిన కోట యది. రాజ్యములును పాఱవేయబడునని శ్రోతకు కోటగోడల ప్రతిధ్వనియే చెప్పును. బాలుడు అరచినపుడు ప్రతిధ్వని స్పష్టముగా రావలెను. అది మూడవ అంకమున పనికివచ్చును. మూడవ అంకము హిందూపురము. తండ్రి బ్యాటరీలు కరగించు పాకలో కూలికి కుదురును. సుత్తెదెబ్బలు, ఆమ్లము చిమ్ము చప్పుడు, కొలిమి ఊపిరి.

ఇప్పుడు రచయితకు కష్టము వచ్చును. ఈ నాటకమున ప్రతినాయకునికి గొంతు లేదు. సీసము మాటలాడదు, నడవదు, నవ్వదు. వట్టి కల్పన వ్రాయువాడు దానికొక భయంకరమైన కంఠమిచ్చును. అట్లు చేయరాదు. శత్రువు వినబడకుండుటయే యీ కథలోని భయము. దానిని బాలుని నోటనే వినిపింపవలయును. అదే పద్యమును మరల అప్పగింపజేయుడు. మొదట ఒకచోట చిన్న విరామము, మఱుసటి దృశ్యమున రెండు విరామములు, పిదప పాదము తప్పుట, కడకు మౌనము. ఆ మౌనముపై ఉపాధ్యాయుని కేక: "బుద్ధి యెక్కడ పెట్టినావురా?" ఆ ప్రశ్నకు జవాబు శ్రోతకు తెలియును, ఉపాధ్యాయునికి తెలియదు. అవ్వ "అబ్బయ్యా, వినబడలేదా?" యని మూడుమాఱులు పిలుచును. వెనుక దూరమున సుత్తెదెబ్బ వినబడుచునే యుండును.

ముగింపు నిజమునకు తగియుండవలెను. వైద్యురాలు రక్తము పరీక్షించును. తండ్రి ఆ పని మానును. మందు రక్తమునందలి సీసమును తగ్గించును. మధ్యమపరిమాణమున సీసమున్న పిల్లలకు ఇట్టి మందునిచ్చి 2001లో ప్రకటించిన పరిశోధనలో, రక్తసీసము తగ్గినను బుద్ధిపరీక్షల ఫలితములు మెఱుగుపడలేదు. కావున బాలుడు కడపటి దృశ్యమున పద్యము గడగడ చదువుట అసత్యమగును. అతడు ఆగి ఆగి చదువవలయును. ఉపాధ్యాయుడు ఆ విరామములలో కేక వేయక వేచియుండవలయును. నాటకపు విజయము ఆ యోర్పునందే కలదు.

9. మనము చేయదగినవి

పాత బ్యాటరీని క్రొత్తదానిని కొన్న అంగడికే తిరిగి యియ్యవలెను. పాత బ్యాటరీలను మరల సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచు నిబంధనలు 2022లో వచ్చినవి. ఎలక్ట్రానిక్ చెత్తకు సంబంధించిన క్రొత్త నిబంధనలు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్నవి. రాగితీగ కొఱకు పైపూత గల తీగలను కాల్చరాదు. పాత పరికరములను పిల్లలు ఆటకు పగులగొట్టరాదు. బ్యాటరీ, రంగు, టంకము పనులు చేయు తండ్రులు, అన్నలు పనిబట్టలు విడిచి, స్నానము చేసి యింట ప్రవేశింపవలయును. ఆ బట్టలను వేఱుగా ఉతుకవలయును. ఇల్లు పొడిగా ఊడ్చుటకంటె తడిగుడ్డతో తుడుచుట మంచిది. అన్నమునకు ముందు చేతులు కడుగుట పాతమాటయే యైనను ఇక్కడ ఔషధమంతటిది.

మన సీమ ఆహారమున నొక రక్ష యున్నది. రాగులలో కాల్షియము సమృద్ధిగా కలదు. ఆకుకూరలలో, బెల్లముతో చేసిన వేరుసెనగ యుండలలో ఇనుము కొంత కలదు. కడుపునిండ రాగిసంగటియు ఆకుకూరయు తిన్న బిడ్డయందు సీసమునకు చోటు తక్కువ దొరకును. దీనివలన విషము విఱుగదు గాని, ప్రవేశము కొంత తగ్గును.

కడపటి మాట ఉపాధ్యాయులతోను తల్లిదండ్రులతోను. తరగతిలో ఒక బిడ్డ నిన్నటివలె లేక, మఱపు గలిగి, చికాకు పడుచున్నచో, బెత్తము తీయుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. వీరి యింట నేమి పని జరుగుచున్నది? ఎక్కడ ఆడుకొనుచున్నారు? ఏమి తినుచున్నారు? జవాబులు అనుమానము కలిగించినచో వైద్యునియొద్దకు పంపి రక్తము పరీక్షింపజేయుడు. మందమతి యను పేరు పెట్టుట యొక నిమిషపు పని; ఆ పేరు మోయుట బిడ్డకు జీవితమంతయు పని.

అభ్యాసము

1. జకార్డు అట్టకును కంప్యూటరునకును గల సంబంధమును వివరింపుము.
2. సీసము కాల్షియమువలె నటించుటవలన శరీరమునకు కలుగు నష్టములెవ్వి?
3. 16 కిలోల బిడ్డ శరీరమున 12 డెసిలీటరుల రక్తమున్నది. డెసిలీటరునకు 5 మైక్రోగ్రాముల చొప్పున రక్తమునందలి సీసమెంత? అది బియ్యపుగింజలో ఎన్నవ వంతు?
4. ఏలూరు సంగతివలన విజ్ఞానవిద్యార్థి నేర్చుకొనదగిన నియమమేది?
5. మీ వీథిలో పాతబ్యాటరీలు, పాత టెలివిజనులు ఎక్కడికి పోవుచున్నవో పెద్దల వెంట విచారించి, ఒక పుటకు మించకుండ వ్రాయుము.
6. ఎనిమిదవ భాగమునందలి మూడవ అంకమును మాటలతోను ధ్వనులతోను పూర్తిచేయుము. శత్రువునకు మాత్రము గొంతు నీయకుము.